ముందొచ్చిన లక్ష్మివారాలు

అక్టోబరు 3, 2024, లక్ష్మివారం

బరంపురం హల్దియాపదర్‌లో మేడ మీద రెండు గదులు, ఒక ఏసీ, గోడకి పెద్ద టీవీ. నాలుగూళ్ళ విద్యుత్ సమితి ఆఫీసంటే ఇదే. ఆ నాలుగూళ్ళలోనూ సగం వీధి దీపాలు వెలగవు. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె. అయినా నాకేం, ఏసీ చల్లగానే ఉంది.

ఇరవై ఆరేళ్ళు చిలికా ఒడ్డున మా ఊరి కౌన్సిల్ ఆఫీసులో గుమాస్తాగిరీ. అందులో తొమ్మిదేళ్ళు బడబాబుని, అంటే అందరి తప్పులకీ సంజాయిషీ రాసే హెడ్ గుమాస్తాని. ఈరోజు నుంచి డెప్యుటేషన్ మీద సమితికి వచ్చాను. అధ్యక్షుడు సోమేశ్వరరావు గారు పట్టుచీరల టోకు వ్యాపారి, పక్క ఊరి కౌన్సిల్ ఛైర్మను. కుర్చీ చూపించి అన్నాడు: "హేమచంద్రా, ఆర్నెల్లు తప్పు రాకుండా నడిపీ. సెక్రటరీ కుర్చీ నీదే, ఇంకెవడికీ ఇవ్వను."

పద్ధతి నాకు ఒక్క పూటలో అర్థమైంది. ఇన్నాళ్ళూ ఏ ఊరికి ఆ ఊరు కంపెనీ చెప్పిన ధరకి కరెంటు తీసుకునేది. ఇప్పుడు నాలుగూళ్ళ నీళ్ళ పంపులూ వీధి దీపాలూ ఒక్క గుత్తగా కట్టి, బజార్లో మనమే బేరమాడి కొంటాం. రంభ ఊరి సంతలో మా తాత నలుగురు షావుకార్లని కలుపుకుని ఉల్లిపాయల లారీ దింపించేవాడట. అదే తెలివి. దీనికి భువనేశ్వర్ నుంచి ప్రేమ్ అనే సలహాదారు రావాలా?

ప్రేమ్ చెప్పిన కిటుకు ఒక్కటే కొత్తది. రేపటి రోజుని పావుగంట ముక్కలుగా కోస్తే తొంభై ఆరు ముక్కలు. ఏ ముక్కలో ఎంత కరెంటు వాడతామో ఈరోజు పదింటికల్లా చీటీ రాసి చెప్పెయ్యాలి. చెప్పినదానికంటే ఎక్కువ వాడినా తప్పే, తక్కువ వాడినా తప్పే. ఆర్నెల్లలో మూడు పెద్ద తప్పులు పడితే ఒప్పందం రద్దు, మళ్ళీ కంపెనీ గుమ్మం ముందుకే. టీవీలో పచ్చ గీత మనం చెప్పినది, ఎర్ర గీత మనం వాడినది. రెండూ ఒకదాని మీద ఒకటి పడుకోవాలి.

ఆ చీటీ తయారుచేసేది నేను.

అక్టోబరు 9

తొంభై ఆరుకి తొంభై ఆరు కుదిరాయి. ప్రేమ్ లేచి చేయి కలిపాడు.

అక్టోబరు 14

సెలవు కాబట్టి మా ఊరి పంపుహౌసుకి వెళ్ళాను. పైడయ్య లేచి నిలబడి తువ్వాలుతో స్టూలు తుడిచాడు. పంతొమ్మిదేళ్ళుగా అక్కడ దినకూలీ మీదే పంపు నడుపుతున్నాడు. పర్మినెంటు చెయ్యమని పెట్టుకున్న ఫైలు నాలుగేళ్ళుగా నా బల్ల మీదే ఉంది. ఇంకో ఏడాదిలో వయసు దాటిపోతుంది. సమితి బాగా నడిస్తే ఆపరేటర్లందరినీ పర్మినెంటు చేస్తామని కౌన్సిల్ మాటిచ్చింది. ఫైలు మీద నేను ఒక వాక్యం రాయాలి, అంతే.

చీటీ సంగతి విడమరిచి చెప్పాను. కాసేపు బుర్ర గోక్కుని అన్నాడు: "అయితే బాబూ, రేపు ఊరికెంత దాహమేస్తాదో ఇయాలే సెప్పీయాలన్నమాట."

నవ్వాను. నవ్వాల్సిన మాట కాదని ఇప్పుడు రాస్తుంటే అనిపిస్తోంది.

వెళ్ళేటప్పుడు వీధి కుళాయి కారుతుంటే ఆగి బిగించాడు. కారే కుళాయిని దాటి వెళ్ళలేడు ఆ మనిషి. ఇదొక జబ్బు.

అక్టోబరు 28, సోమవారం

ఈరోజు ఒక పూట సెలవు పెట్టాను. మా ఆవిడ శాంతి బరంపురంలో పుట్టింట్లో ఉంది. అమ్మ వండిన చారులో ఉప్పు లేదు. చెబితే వినపడదు, వినపడినా ఒప్పుకోదు.

భోజనం మధ్యలో పైడయ్య వాకిట్లోకి వచ్చాడు. "వొచ్చీ నెల లచ్చివారాలు బాబూ. ఆడోల్లు తెల్లారగట్ల లేచి ఇల్లలుకుతారు, ముగ్గులేస్తారు. మూడు కాణ్ణించి పంపు తిప్పాల. మిగతా ఊళ్ళ టాంకీలు పెద్దయ్యి, మనది సిన్నది. నాలుక్కల్లా ఎండిపోద్ది. ఒడియావోల్లయి ముందొచ్చెస్తాయండి, మనోల్లయి ఎనకాల. ఆ సీటీలో ఏయించీండి."

"మా ఇంట్లో పంచాంగం లేదనుకున్నావా?" అన్నాను. చేయి ఎంగిలిది, మనిషి గుమ్మంలో. అన్నం చల్లారిపోతోంది.

పైడయ్య వెళ్ళాక పంచాంగం తీశాను. మార్గశిరం డిసెంబరు 2న మొదలు. లక్ష్మివారాలు 5, 12, 19, 26. నాలుగు తేదీలూ రాసుకుని నెల ముందే చీటీలో ఎక్కించాను, మూడు నుంచి ఐదు దాకా ఎనిమిది ముక్కలు. ప్రేమ్ మెచ్చుకున్నాడు, ఇలాంటివి స్థానికులకే తెలుస్తాయన్నాడు. పంపు తిప్పేవాడు నాకు మార్గశిరం నేర్పుతాడు!

నవంబరు 4

నెల రోజులు, ఒక్క తప్పు లేదు. సోమేశ్వరరావు గారు శాలువా కప్పాడు. పట్టుది కాదు. ఆయన కొట్లో పట్టుకి కొదవా?

నవంబరు 15

కార్తీక పౌర్ణమి. పొద్దున్నే చిలికా ఒడ్డున ఊరంతా అరటి దొప్పల పడవలు వదిలారు. శాంతి కూడా వెళ్ళింది. వచ్చి, "రేపట్నించి ఒడియా వాళ్ళకి కొత్త నెలండీ" అంది. ఏ నెల అని నేను అడగలేదు.

నవంబరు 21, లక్ష్మివారం

బస్సుకి పరుగెడుతూ గడపలో తడి ముగ్గు తొక్కేశాను. బియ్యప్పిండితో లక్ష్మీదేవి పాదాలు వేసిందట. శాంతి కసిరింది: "ఏటండీ, కళ్ళు నెత్తికెక్కేయా? అమ్మోరు లోపలికొచ్చే పాదాలు. మీ పాదాలేసేరు వాటి మీద!"

పుట్టింట్లో ఒడియా ఇరుగుపొరుగుతో పెరిగింది. ఒడియా పండగలూ కావాలి, తెలుగు పండగలూ కావాలి. బస్సు తప్పింది.

ఆఫీసుకి వెళ్ళేసరికి ప్రేమ్ టీవీ ముందు నిలబడి ఉన్నాడు. మూడింటి నుంచి ఐదింటి దాకా పచ్చ గీత నేల మీద ఉంది, ఎర్ర గీత తాటిచెట్టంత లేచింది. మిగతా మూడు ఊళ్ళూ సరిగానే ఉన్నాయి. ఒక్క మా ఊరే.

మొదటి తప్పు.

నవంబరు 22

పైడయ్యకి ఫోన్ చేసి కేకలేశాను.

"నిన్న లచ్చివారం గదండీ. సెప్పేను గదా బాబూ."

"మార్గశిరం ఇంకా రాలేదు. పంచాంగం చూశాను."

"మనకి రానేదండి. ఆల్లకొచ్చీసింది. ఆల్లది పున్నమి మర్నాడే మొదలు, మనది అమాస ఎల్లినాక. ఊల్లో ముప్పాతిక మంది ఆల్లే గదా."

ఫోన్ పెట్టేశాను. యాభై మూడేళ్ళు ఈ ఊళ్ళో ఉన్నాను. ఒడియాలో కలలు కూడా కంటాను. ఇది నాకు తెలియదని ఎవరికైనా చెబితే నవ్వుతారు. తెలియకేం, తెలుసు. ఆ సమయానికి గుర్తు రాలేదు.

కారణం రాయమని ప్రేమ్ కాగితం ఇచ్చాడు. "ఆపరేటరు ముందుగా తెలపకుండా పంపు నడిపెను" అని రాశాను. బుధవారం నాడు పైడయ్య తెలపలేదు కదా. అబద్ధం ఎక్కడుంది ఇందులో?

నవంబరు 25

సోమేశ్వరరావు గారు పిలిచాడు. "హేమచంద్రా, ఆ పంపువోడు మనకి కొంప ముంచీసేలా ఉన్నాడు. రాసి ఇచ్చీ ఆడికి."

రాసి ఇచ్చాను. ఉదయం ఐదు గంటలలోపు పంపు నడపరాదు. ఒడియాలో టైపు చేసి, సంతకం పెట్టి, పంపుహౌసు గోడకి నేనే అంటించాను. పైడయ్య వేలితో ఒక్కొక్క అక్షరమూ చదివాడు. ఒడియా బడిలో మూడో తరగతి.

"మరి ఈ లచ్చివారం ఎలాగండి?"

"ఐదు తర్వాత కడుక్కుంటారు. కొంపలేం మునగవు."

చీటీ మార్చొచ్చు కదా అని నాకూ తోచింది. రేపు మారిస్తే మొన్న రాసింది తప్పని నా చేత్తో నేనే ఒప్పుకున్నట్టు. ప్రేమ్ అడుగుతాడు, అధ్యక్షుడు అడుగుతాడు, కుర్చీ అడుగుతుంది. ఒక్క లక్ష్మివారం గడిస్తే ఐదో తారీఖు నుంచి ఎలాగూ చీటీలో ఉంది. ఒక్క వారం ఓర్చుకోలేరా?

నవంబరు 27, ఉదయం

"రేపు మీ ఊరికి మూడింటి నుంచి వెయ్యమంటారా సార్?" అని ప్రేమ్ అడిగాడు. వాళ్ళమ్మ కూడా రేపు పూజ చేస్తుందన్నాడు. వాడు కటక్ వాడు. వాడికీ తెలుసు.

"అక్కర్లేదు. ఆర్డరు ఇచ్చాం" అన్నాను.

నవంబరు 28, లక్ష్మివారం

తిప్పాడు. మూడింటికే తిప్పాడు. రెండో తప్పు.

ఈ పొద్దున శాంతి వాకిలి కడిగింది, ముగ్గేసింది. ఈసారి చూసి దాటాను. ఇన్ని నీళ్ళు ఎక్కడివని నేను అడగలేదు.

నవంబరు 29

పంపుహౌసుకి వెళ్ళాను. ఎందుకు తిప్పావురా అంటే అదే తువ్వాలుతో అదే స్టూలు తుడుస్తూ చెప్పాడు.

"తిప్పకూడదనే కూకున్నానండి. మూడయ్యేసరికి వీధి కుళాయి కాడ బిందెలు లైను కట్టీసినాయి. సెరువు కాడి ఈధి ముసిలమ్మ ఒకత్తి ఈ గుమ్మంలోకొచ్చి, 'ఒరే పైడిగా, అమ్మ ఇంట్లోకొచ్చే ఏలకి గడప ఎండిపోయుంటే ఎలాగరా' అంది. సెయ్యి దానికదే పోయిందండి మీట మీదకి."

"నీ పర్మినెంటు ఫైలు ఏమవుతుందో ఆలోచించావా?"

"ఆలోసించేనండి. తవరు సెప్తారు గదా, నాను ముందే సెప్పేనని."

అన్నాడు. ఎంత నమ్మకంగా అన్నాడో. కోపం వచ్చింది నాకు. నమ్మకం కూడా ఒక రకం బెదిరింపే.

డిసెంబరు 3

విచారణ. హల్దియాపదర్ ఆఫీసులో నలుగురు ఛైర్మన్లు, ప్రేమ్, నేను. గుమ్మం దగ్గర పైడయ్య, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. వెనకాల మెట్ల మీద పెళ్ళాం నీలమ్మ.

ఆర్డరు చదివించారు. చదివి కూడా తిప్పానని పైడయ్య ఒప్పుకున్నాడు. అక్కడితో అయిపోవలసింది. కానీ నాలుగో ఊరి ఛైర్మను, పెద్దమనిషి, అడిగాడు: "ఈ గురుబారాల పూజల సంగతి ముందే తెలిస్తే చీటీలో వేసేవాళ్ళం కదా. ఎందుకు చెప్పలేదు?"

"సెప్పేనండి. దీపావళికి ముందు, బాబు ఇంటికెల్లి సెప్పేను. ఒడియావోల్లయి ముందొస్తాయని కూడా సెప్పేను. బాబు బోయనం సేస్తన్నారు."

అందరూ నా వైపు చూశారు.

"నాకు గుర్తు లేదు" అన్నాను.

ఇంతవరకే అన్నానని రాద్దామనుకున్నాను. ఎవరూ చదవని పుస్తకంలో కూడా చెయ్యి ఆగుతోంది. సోమేశ్వరరావు గారు, "గుర్తు లేదా, చెప్పలేదా? ఏదో ఒకటి తేల్చీ" అన్నాడు. "చెప్పలేదు" అన్నాను.

పైడయ్య గొంతు పెంచలేదు. "బాబు రోజూ డైరీ రాసుకుంటారండి. నాను సూసేను. ఆ రోజుది తీసి సూడమనండి."

ఛైర్మన్లు నవ్వారు. నేనూ నవ్వాను. "అది నా సొంతం. ఆఫీసు కాగితం కాదు" అన్నాను. నిజమే కదా. ఎవడి డైరీని ఎవడు విచారణలో పెడతాడు?

ఇంటికొచ్చి ఆ పేజీ తియ్యలేదు. ఏం రాశానో నాకు గుర్తుంది.

డిసెంబరు 4

పైడయ్యని తీసేశారు. కాగితం నేను టైపు చేశాను. సంతకం నాది కాదు.

డిసెంబరు 5, లక్ష్మివారం

ఈరోజు ఒడియా వాళ్ళదీ మనదీ కలిసిన లక్ష్మివారం. చీటీలో మూడు నుంచి ఐదు దాకా ఎనిమిది ముక్కలూ నేనే ఎక్కించినవి. నెల ముందు చూపిన తెలివి ఈరోజు పండాలి.

పొద్దున కుళాయిలో నీళ్ళు లేవు. అమ్మ ఖాళీ బిందె పట్టుకుని వాకిట్లో నిలబడి అరిచింది: "ఏటిరా ఇది, నోములపూట! ఆ పైడిగాడు సచ్చీసేడా ఏటి?"

పంపుహౌసుకి పరుగెత్తాను. కాంట్రాక్టరు పంపిన కొత్త ఆపరేటరు చిట్టిబాబు కూర్చుని టీ తాగుతున్నాడు. ఎందుకు తిప్పలేదంటే గోడ చూపించాడు.

"ఐదు లోపు తిప్పొద్దని రాసుంది గదండీ. సంతకం తవరిదే."

చింపెయ్యడం నేను మర్చిపోయాను.

ఆఫీసులో టీవీ చూడకుండానే తెలుసు. చూశాను. పచ్చ గీత తాటిచెట్టంత లేచి నిలబడి ఉంది. దాని కింద ఎర్ర గీత చచ్చిన పాములా నేల మీద పడి ఉంది. కొన్న కరెంటు కొన్నట్టే ఉంది, మీట మీద వెయ్యడానికి చెయ్యి లేదు.

మూడో తప్పు. ఇది ఎవరి మీదకీ తొయ్యలేను. తొయ్యలేననే రాస్తున్నాను గానీ, పొద్దుటి నుంచీ చిట్టిబాబు గురించే ఆలోచిస్తున్నాను.

డిసెంబరు 6

చిట్టిబాబు అడక్కపోవడం కూడా తప్పే.

డిసెంబరు 11

కంపెనీ నుంచి కాగితం వచ్చింది. ఒప్పందం రద్దు. నాలుగూళ్ళూ మళ్ళీ ఎవరి గుమ్మం వాళ్ళు పట్టుకోవాలి, వాళ్ళు చెప్పిన ధరకే. సోమేశ్వరరావు గారు ఛైర్మన్లతో అంటున్నాడు, ఇలాంటివి మన ఊళ్ళకి పడవని తాను మొదట్నుంచీ అనుకుంటూనే ఉన్నాడట. ప్రేమ్ బజారు సరిగా లేదన్నాడు. నేను ఆపరేటర్లు సరిగా లేరన్నాను. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట ఏమయిందో ఎవరికీ తెలియదు.

ఏసీ విప్పుతున్నారు.

డిసెంబరు 16

మళ్ళీ పాత బల్ల. పాత ఫ్యాను, కొట్టుకుంటోంది. బల్ల మీద పైడయ్య ఫైలు అలాగే ఉంది, అట్ట మీద దుమ్ము. "అభ్యర్థిని తొలగించినందున ముగించడమైనది." నాలుగేళ్ళు రాయని వాక్యం ఒక్క నిమిషంలో రాశాను. అక్షరాలు కూడా బాగా కుదిరాయి.

డిసెంబరు 19, లక్ష్మివారం

శాంతి ముగ్గెయ్యలేదు. ఒంట్లో బాగోలేదంది. బానే ఉంది, చూశాను.

చెరువు కాడి వీధిలో నీలమ్మ ఇంటింటికీ వెళ్ళి చీపురు పని అడుగుతోందట. ఇది కూడా శాంతే చెప్పింది, నా వైపు చూడకుండా, గోడకి చెప్పినట్టు.

డిసెంబరు 26, లక్ష్మివారం

మనవాళ్ళ ఆఖరి లక్ష్మివారం. సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాను. మధ్యాహ్నం, అదే వేళకి, నేను అన్నం ముందు కూర్చున్నప్పుడే పైడయ్య వచ్చాడు. గడ్డం పెరిగింది. తిట్టడానికి వచ్చాడనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

గుమ్మం బయటే కూర్చున్నాడు.

"ఉజ్జోగం కోసం రానేదు బాబూ. అది పోయింది, ఒగ్గీండి. నాకో అనుమానం పట్టుకుంది. నానారోజు తవరికి సెప్పేనా నేదా అని. సెప్పేననే అనుకుంతన్నాను. అందరూ సెప్పనేదంతన్నారు. మా ఆడది కూడా, 'నువ్ సెప్పుంతే బాబు కాదంతారా' అంతంది. రేత్రిల్లు అదే. సెప్పేను, సెప్పనేదు, సెప్పేను. బుర్ర పాడైపోతంది. తవరు రాసుకుంతారు గదా. ఒక్కపాలి సూడండి. సెప్పేనని ఉంతే నా బుర్ర బాగున్నట్టే. అంతే సాలు, ఎవుల్తోటీ అనను."

శాంతి చేతిలో గరిటె ఆగింది.

చెయ్యి కడుక్కుని, లోపలికి వెళ్ళి డైరీ తెచ్చాను. ఎదురుగా కూర్చుని పేజీలు తిప్పాను. పైడయ్యకి తెలుగు చదవడం రాదు. అక్టోబరు 28, సోమవారం. చారులో ఉప్పు లేదు. ఆ కిందే ఉంది పైడయ్య చెప్పినదంతా, వాడి మాటల్లోనే. ఒడియావోల్లయి ముందొచ్చెస్తాయండి, మనోల్లయి ఎనకాల. వాడు వేలు పెడితే తగిలేటంత దగ్గరలో ఉంది. పేజీ వైపే చూస్తున్నాడు, ముగ్గు చూసినట్టు.

చెప్పొచ్చు. ఆఫీసు లేదు, కుర్చీ లేదు, ఛైర్మన్లు లేరు. నాకిప్పుడు పోయేదేమీ లేదు. ఉందని ఒక్క మాట అంటే ఆ మనిషి ఈ పూట నిద్రపోతాడు.

"ఏమీ లేదు పైడయ్యా" అన్నాను. "ఆ రోజు చారులో ఉప్పు లేదని రాసుకున్నాను, అంతే."

పైడయ్య మెల్లగా తలాడించాడు.

"అయితే నానే సెప్పనేదు బాబూ. సెప్పాలనుకుని సెప్పేననుకున్నాను కావాల. నలుగురిలో తవరి మీద మాటేసీసేను. తప్పయిపోయింది. మనసులో పెట్టుకోకండి."

వంగి నా కాళ్ళు ముట్టుకున్నాడు. లేచి వాకిట్లోకి నడిచి, కుళాయి కారుతుంటే ఆగి, బిగించాడు. గేటు దగ్గర నుంచి మళ్ళీ ఒకసారి దణ్ణం పెట్టాడు.

"పరవాలేదులే పైడయ్యా, మనిషన్నాక మర్చిపోతాడు" అన్నాను.